పాలలో ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక మిగిలే ఘనపదార్థం) పడిపోతోంది, క్యాను వెనక్కి వస్తోంది. నీళ్ళేనా, ఇంకేమైనా ఉందా?

పాలకేంద్రం_కోడలు (ప్రకాశం జిల్లా), ఏప్రిల్ 24

అందరికీ నమస్తే. మాది దర్శి దగ్గర ఊరు. ఊళ్ళో పాలకేంద్రాన్ని 20 ఏళ్ళుగా మా మామయ్య చూసుకునేవారు. మోకాళ్ళ నొప్పులు ఎక్కువై పోయినేడాది నా చేతిలో పెట్టారు. నేను బీకామ్ చదివాను. లెక్కలూ రిజిస్టర్లూ ఇబ్బంది లేదు. గేదెల సంగతే పెళ్ళయ్యాక నేర్చుకున్నది.

పొద్దున 34 ఇళ్ళవాళ్ళు పోస్తారు, సాయంత్రం 27. పొద్దుటి పాలు 140 లీటర్ల దాకా వస్తాయి, అంటే మూడు క్యాన్లు నిండి నాలుగోది సగం. అన్నీ గేదె పాలే. ఐదున్నరకి మొదలుపెడితే ఏడింటికల్లా అయిపోతుంది. వ్యాను మాత్రం ఎనిమిదింపావుకి గానీ రాదు.

మార్చి నుంచి టెన్షన్ మొదలైంది. నా మిషన్‌లో ఇంటింటి పాలూ చూసి సగటు వేస్తే ఎస్‌ఎన్‌ఎఫ్ 8.8 వస్తోంది. అవే పాలు కూలింగ్ సెంటర్‌కి వెళ్ళాక 8.5 అంటున్నారు. వెన్న ఇక్కడా అక్కడా 6.8కి అటూ ఇటుగానే ఉంటోంది. గేదె పాలకి ఎస్‌ఎన్‌ఎఫ్ 9 ఉండాలి, తగ్గితే పాయింటుకింత అని కోత. ఇళ్ళవాళ్ళకి నేను నా మిషన్ అంకెల మీద డబ్బు రాస్తున్నాను, నాకొచ్చేది వాళ్ళ అంకెల మీద. ఆ తేడా నా కమీషన్ తినేస్తోంది. పైగా ఈ నెలలో రెండుసార్లు నాలుగో క్యాను విరిగిందని వెనక్కి పంపారు. ఒకసారి 22 లీటర్లు, ఇంకోసారి 18. దొడ్లో పారబోశాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. వరసకి పిన్ని అయ్యే ఆవిడ ఒకామె ఉంది, ఒక్క గేదె. ఆవిడ పాలు వెన్న 7.1, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.2. అప్పటికే కోతల మీద కోపంగా ఉన్నానేమో, లైన్లో పదిమంది ఉండగా "పిన్నీ, నీళ్ళు కాస్త తగ్గించు" అనేశాను. ఆవిడ ఏమీ అనలేదు. పాలగిన్నె బల్ల మీద పెట్టి, పైటచెంగు దులుపుకుని వెళ్ళిపోయింది. మూడు రోజులు పాలు పోయలేదు. నాలుగో రోజు వచ్చింది కానీ నాతో మాట లేదు, అంకె కూడా అడగదు.

నీళ్ళు కలిపేవాళ్ళని పట్టుకోవడం ఎలా? విరగకుండా ఏం చేయాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.


రైతుబిడ్డ_పల్నాడు

అక్కా, ఇందులో అనుమానం ఏముంది, నీళ్ళే. ఎండాకాలం పాలు తగ్గుతాయి, ఖాతా తగ్గకూడదని చెంబుడు కలుపుతారు. ఇద్దరు ముగ్గురి పాలు వెనక్కి పంపితే మిగతావాళ్ళు దారికొస్తారు. ఇక విరగడం అంటావా, క్యానులో చిటికెడు వంటసోడా వేస్తే వ్యాను వచ్చేదాకా ఆగుతుంది. అందరూ చేసేదే.


పాతసెక్రటరీ (తెనాలి వైపు)

పల్నాడు బాబూ, అందరూ చేసేది కాదు అది, కల్తీ. సోడా పడితే పులుపు కనపడదు, అంతే. పాలు మాత్రం పాడైనవే. కూలింగ్ సెంటర్‌లో రోజాలిక్ యాసిడ్ రెండు చుక్కలు వేస్తే గులాబీ రంగు తిరిగి దొరికిపోతుంది. అప్పుడు పోయేది ఒక్క క్యాను కాదు, కేంద్రమే. ఆ అమ్మాయికి ఈ సలహాలు ఇవ్వకు.

అమ్మాయ్, నేను 31 ఏళ్ళు మా ఊరి కేంద్రంలో చేశాను. మా రోజుల్లో మిషన్ లేదు. వెన్న చూడాలంటే గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల సల్ఫ్యూరిక్ యాసిడ్, 10.75 మిల్లీలీటర్ల పాలు, పైన ఒక మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్ పోసి చేత్తో తిప్పే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పేవాళ్ళం. నా పంచెలన్నిటికీ చిల్లులే. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ముందు విరిగే క్యాను సంగతి. నీ పాలలో అన్నిటికంటే ఎక్కువసేపు నిలవ ఉండేవి మొదటి క్యాను పాలు. అవి విరగడం లేదు. చివర్లో పోసిన నాలుగో క్యాను విరుగుతోంది, అదీ రెండుసార్లు. అంటే తప్పు టైముది కాదు, క్యానుది. సాయంత్రం పాలు తక్కువ కాబట్టి ఆ నాలుగో క్యాను సాయంత్రం వాడవు. పొద్దున కడిగి మూత పెట్టి పక్కన పడేస్తావు, అవునా? తడి క్యానుకి మూత పెట్టి ఒక రోజంతా ఎండాకాలం గదిలో ఉంచితే లోపల ఏం పెరుగుతుందో కంటికి కనపడదు, చేతికి తెలుస్తుంది. ఇప్పుడే లేచి వెళ్ళి క్యాను మెడ లోపలివైపు, భుజం వంపు తిరిగే చోట వేలితో రాయి. జిగటగా తగిలితే అదే దొంగ. మూత రబ్బరు కూడా ఊడదీసి వాసన చూడు.

కడగడం ఇలా: పాలు వంపగానే ముందు చన్నీళ్ళు. వేణ్ణీళ్ళు ముందు పోస్తే పాలు లోపల అంటుకుపోతాయి. తరవాత వేడినీళ్ళలో చాకలిసోడా వేసి బ్రష్‌తో తోమాలి, మళ్ళీ మంచినీళ్ళు. ఆ పైన మూత తీసి, క్యాను బోర్లించి ఎండలో ఉంచాలి. నేల మీద కాదు, చెక్కల స్టాండు మీద, కింద నుంచి గాలి ఆడాలి. మీ వైపు బోరు నీళ్ళు గట్టివి, గార కడుతుంది, నెలకోసారైనా యాసిడ్ క్లీనర్‌తో గార వదిలించు. గుడ్డతో మాత్రం తుడవకు.

వ్యాను వచ్చేదాకా నిండిన క్యాన్లని నీళ్ళు పట్టిన సిమెంటు తొట్టిలో మెడదాకా నిలబెట్టి మీద తడి గోనె కప్పు. 4 డిగ్రీలకి దిగవులే, కానీ ఆ గంటంపావులో వేడి పెరగకుండా ఉంటుంది. అనుమానం ఉన్న పాలు ఒక చెంచాడు స్టవ్ మీద మరగనిచ్చి చూడు. పలుకులు కడితే క్యానులో పోయకు.

ఇక ఎస్‌ఎన్‌ఎఫ్. బీకామ్ అన్నావు కాబట్టి అడుగుతున్నాను, సగటు ఇళ్ళ మీద వేశావా, లీటర్ల మీద వేశావా? రెండు లీటర్లు పోసే ఇంటి అంకె, 20 లీటర్లు పోసే ఇంటి అంకె కలిపి 34తో భాగిస్తే అది సగటు కాదు. క్యానుకి ఇళ్ళ లెక్క తెలియదు, లీటర్ల లెక్కే తెలుసు.

రెండోది మిషన్. అప్పుడే పిండిన పాలు నురగతో వస్తాయి. నురగ దిగకుండా గొట్టం ముంచితే అంకెలు తప్పుతాయి. శాంపిలు మెల్లగా గిన్నె అంచు నుంచి వంపి, రెండు నిమిషాలు ఆగి చూడు. మిషన్‌ని రోజూ వాళ్ళిచ్చిన లిక్విడ్‌తో కడుగుతున్నావా? మూడు నెలలకోసారైనా టెక్నీషియన్‌తో సరిచేయించాలి. లాక్టోమీటరుతో (పాలలో తేలేసి చిక్కదనం చూసే గాజు గొట్టం) పోల్చి చూసుకుంటే ఒక్క జాగ్రత్త. అది 27 డిగ్రీల దగ్గర చదవాల్సింది. పాలు 35 డిగ్రీలుంటే డిగ్రీకి 0.2 చొప్పున ఒకటిన్నర పైగా తక్కువ చూపిస్తుంది, ఎస్‌ఎన్‌ఎఫ్ లెక్కకి వచ్చేసరికి అది 0.4 అవుతుంది. వేడి పాలు చూసి ఎంతమందిని దొంగలన్నారో ఆ రోజుల్లో. నేనూ అన్నాను.

మీ పిన్ని విషయం. నీళ్ళు కలిస్తే ఎస్‌ఎన్‌ఎఫ్ ఒక్కటే తగ్గదు, వెన్న కూడా అదే పాళ్ళలో తగ్గుతుంది. వెన్న 7, ఎస్‌ఎన్‌ఎఫ్ 9.2 ఉన్న 9 లీటర్లలో లీటరు నీళ్ళు పోస్తే 6.3, 8.3 అవుతాయి. ఆవిడవి 7.1, 8.2 అంటున్నావు. నీళ్ళే కలిపి ఉంటే అసలు పాలలో వెన్న 8 ఉండాలి. ఆ గేదె ఈని ఎన్నాళ్ళైంది? ఒట్టిపోయే ముందు అయితే 8 రావచ్చు. ఈని మూడు నాలుగు నెలలే అయితే ఆవిడని అన్న మాట తప్పు. మామయ్యగారి పాత రిజిస్టర్లు తీసి, ఆ గేదెకి పోయిన ఈతలో ఎంత వచ్చేదో చూడు. రెండు అంకెలూ కలిసి పడిపోయిన ఇల్లు ఏదైనా ఉందేమో కూడా చూడు.

అప్పటికీ అనుమానం ఉంటే కొట్టం దగ్గరికి వెళ్ళి ఎదురుగా పిండించి, అక్కడే శాంపిలు పట్టుకోవడం ఒక్కటే దారి. వెళ్ళేటప్పుడు "నిన్ను పరీక్ష చేయడానికి వచ్చా" అనకు. "నా మిషన్ మీద అనుమానంగా ఉంది" అని వెళ్ళు. నిజం కూడా అదే.


గొడ్లడాక్టరు

పాతసెక్రటరీ గారు చెప్పిన తరవాత నాకు మిగిలింది తక్కువ. కానీ వెన్న బాగుండి ఎస్‌ఎన్‌ఎఫ్ ఒక్కటే పడిందంటే నేను ముందు పొదుగు చూస్తాను.

ఎస్‌ఎన్‌ఎఫ్ అంటే పాలలోని చక్కెర, మాంసకృత్తులు, లవణాలు. పొదుగువాపు మొదలైతే లోపలి కణాలు దెబ్బతిని చక్కెరా, మాంసకృత్తుల్లో ముఖ్యమైన కేసీనూ తగ్గుతాయి. రక్తం నుంచి ఉప్పు దిగుతుంది. బయటికి వాపు, ఎరుపు, పాలలో పలుకులు కనపడేది ముదిరాకే. అంతకుముందు చాలాకాలం పొదుగు మామూలుగానే ఉంటుంది, పాలు మాత్రం పూటకి అర లీటరు, లీటరు తగ్గుతూ వస్తాయి. రైతు ఎండల వల్ల అనుకుంటాడు. పాలు కాచి తాగితే కొంచెం ఉప్పగా ఉంటాయని ఇంట్లో ఆడవాళ్ళు చెబుతారు, ఎవరూ పట్టించుకోరు. (పచ్చిపాలు నాలుక మీద వేసుకుని చూడకండి. బ్రూసెల్లా లాంటి జబ్బు క్రిములు వాటి నుంచి వస్తాయి.)

ఇంట్లోనే చూసుకోవచ్చు. అర లీటరు నీళ్ళలో 15 గ్రాముల బట్టల సర్ఫ్ కలపండి. నాలుగు చిన్న గిన్నెలు తీసుకుని ఒక్కో చన్ను నుంచి ఒక్కో గిన్నెలోకి నాలుగు ధారలు పిండండి. పాలు ఎన్నో సర్ఫ్ నీళ్ళు అన్ని పోసి గిన్నె గుండ్రంగా తిప్పండి. నీళ్ళలాగే తిరిగితే ఆ చన్ను బాగున్నట్టు. గంజిలాగా, తీగలాగా చిక్కబడితే ఆ చన్నులో తేడా ఉంది. అప్పుడు సొంతంగా ఇంజెక్షన్లు కొనకండి, పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి, లేదా 1962కి ఫోన్ చేయండి. మందు వాడిన రోజుల్లోనూ, తరవాత డాక్టరు చెప్పిన రోజుల దాకానూ ఆ పాలు కేంద్రానికి పోయకూడదు. నాలుగు చన్నుల్లో ఒకదానికే జబ్బు కదా, మిగతా మూడింటి పాలు పోస్తామంటారు. మందు రక్తంలో తిరుగుతుంది, అన్ని చన్నుల్లోకీ వస్తుంది.

మళ్ళీ రాకుండా ఉండాలంటే పిండగానే చన్నులు అయోడిన్ ద్రావణంలో ముంచడం, ఆ వెంటనే మేత వేసి అరగంట గేదెని పడుకోనివ్వకుండా చూడటం. పిండాక చన్ను రంధ్రం వెంటనే మూసుకోదు, ఆ అరగంటలో పేడలో పడుకుంటే జబ్బు లోపలికి పోతుంది. బొటనవేలు మడిచి పిండే అలవాటు మాన్పించండి, చన్ను లోపల గాయమవుతుంది. పాలు చేపకపోతే ఇంజెక్షన్ పొడిచే ఇళ్ళుంటే అదీ మాన్పించండి. దూడని ముందు రెండు నిమిషాలు కుడవనిస్తే చాలు. చివర్లో వదలకండి, ఆఖరి ధారల్లోనే వెన్న ఎక్కువ, అది కాస్తా దూడకి పోతుంది.

మీ ప్రాంతంలో సుబాబుల్ తోటలు ఎక్కువ కదా. ఆ ఆకులో మాంసకృత్తులు బాగుంటాయి, కానీ మొత్తం పచ్చిమేతలో మూడో వంతు దాటనివ్వకండి. ఎక్కువైతే అందులో ఉండే మిమోసిన్ అనే విషపదార్థం వల్ల వెంట్రుకలు రాలతాయి.


బర్లక్క (హుజూరాబాద్)

చెల్లే, డాక్టర్ సార్ చెప్పింది ఒక ఇంటికి. నీ ఊళ్ళో అన్ని ఇళ్ళల్ల కొంచెం కొంచెం తగ్గుతుందంటే అది మేత. మా ఊళ్ళో అదే అయింది. మాకు దగ్గర్లో ముల్కనూర్ ఆడవాళ్ళ డెయిరీ ఉంది, 2002 నుంచి నడుస్తుంది, పాలు పోసేదీ నడిపేదీ ఆడోళ్ళే. వాళ్ళను చూసే మేమూ లెక్క రాసుడు నేర్చుకున్నం.

నాకు నాలుగు బర్లు. ఎండాకాలం వరిగడ్డి, తవుడు, కుడితి. ఇంతే పెట్టేదాన్ని. వెన్న వస్తుంది కదా అనుకునేదాన్ని. గడ్డి తిన్న బర్రెకు వెన్న వస్తుంది, ఎస్‌ఎన్‌ఎఫ్‌కు బలమున్న దాణా కావాలె. తవుడు ఒక్కటే దాణా కాదు. ఇప్పుడు ఆరుగురం కలిసి క్వింటాల్ లెక్కన కలుపుకుంటున్నం: మక్కలు 35 కిలోలు, నూనె తీసిన తవుడు 32, పల్లిచెక్క 15, పత్తిగింజల చెక్క 15, ఖనిజ లవణాలు 2, ఉప్పు 1. ఒంటి పోషణకు కిలోన్నర, ఆ మీద ప్రతి రెండు లీటర్ల పాలకు కిలో. ఎనిమిది లీటర్లిచ్చే బర్రెకు ఐదున్నర కిలోలు పడతయి. ఖర్చు చూసి మా ఆయన తల పట్టుకున్నడు. ఒక బర్రెకే నెల పెట్టి చూపించిన, తర్వాత మాట్లాడలేదు.

బూజు పట్టిన మక్కలు చవగ్గా వస్తయని తేవద్దు, ఆ విషం పాలల్లకు దిగుతది. పచ్చిమేత లేకపోతే వరిగడ్డికి యూరియా పట్టించుకో. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 60 లీటర్ల నీళ్ళు, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, కవరు కప్పి 21 రోజులు గాలి చొరకుండా ఉంచాలె. పెట్టే ముందు గాలికి ఆరబోయాలె. యూరియా కుడితిలో కలిపితే మాత్రం బర్రె చచ్చిపోతది, ఇంట్లో ముసలోళ్ళకు కూడా చెప్పు. ఆరు నెలల లోపు దూడలకు ఆ గడ్డి వద్దు.

ఇంకొకటి, రాత్రి నీళ్ళు. లీటరు పాలకు మూడు నాలుగు లీటర్ల నీళ్ళు తాగాలె. సాయంత్రం ఒకసారి తాపి కట్టేస్తే పొద్దటిదాకా దానికి దిక్కు లేదు. మేం తొట్టి పక్కనే కట్టేస్తున్నం.


పాలకేంద్రం_కోడలు, జూన్ 19

ఆలస్యంగా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

క్యాను సంగతి పాతసెక్రటరీ బాబాయిగారు చెప్పినట్టే. మెడ లోపల వేలు పెడితే జారింది. వాసన చూసి బయటికి వచ్చేశాను. ఆ రోజు నుంచి మళ్ళీ ఒక్క క్యానూ వెనక్కి రాలేదు. చెక్క స్టాండు మా ఆయన పాత మంచం పట్టెలతో చేశారు.

సగటు నేను ఇళ్ళ మీదే వేశాను. సిగ్గుపడ్డాను. లీటర్ల మీద వేస్తే 8.8 కాస్తా 8.7 అయింది. రెండు అంకెలూ కలిసి పడిపోయిన ఇల్లు కూడా అప్పుడే బయటపడింది, 24 లీటర్లు పోసే ఇల్లు, వెన్న 5.9, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.1. ఎవరో రాయను. ఊళ్ళో ఆయన మాటకి విలువుంది, అందుకే ఇన్నాళ్ళూ ఆ అంకెలు కళ్ళ ముందే ఉన్నా నాకు కనపడలేదు. ఒక్క గేదె ఉన్నావిడ అంకె మాత్రం వెంటనే కనపడింది. "మిషన్ అనుమానంగా ఉంది, పొద్దున మీ కొట్టం దగ్గరికి వస్తాను" అన్నాను. "నువ్వు రానక్కర్లేదు" అన్నారు. మర్నాడు మూడు లీటర్లు తగ్గి వచ్చాయి, వెన్న 6.9, ఎస్‌ఎన్‌ఎఫ్ 9.1. ఆయనా నేనూ దాని గురించి ఇంతవరకు మాట్లాడుకోలేదు.

మిగతా తేడా మిషన్‌దే. టెక్నీషియన్ వచ్చి గొట్టం విప్పితే లోపల తెల్లటి గార. ఇప్పుడు నా అంకెకీ సెంటర్ అంకెకీ 0.05 కంటే తేడా రావడం లేదు. కానీ నా అంకెలు తగ్గేసరికి ఇళ్ళవాళ్ళు వారం రోజులు నన్ను తిట్టారు, దొంగ మిషన్ తెచ్చిందని. దాణా మాత్రం ఇంకా పూర్తిగా కుదరలేదు. ఎనిమిది ఇళ్ళు కలిసి కలుపుకుంటున్నాయి, మిగతావాళ్ళు చూద్దాంలే అంటున్నారు. వ్యాను ఆలస్యం అలాగే ఉంది.

పిన్ని కొట్టానికి మా మామయ్యని తీసుకుని వెళ్ళాను. పాత రిజిస్టర్లో పోయిన ఈతలో ఆ గేదె ఎస్‌ఎన్‌ఎఫ్ 9కి తక్కువ ఎప్పుడూ లేదు. ఇప్పుడు ఈని నాలుగు నెలలు. నాలుగు గిన్నెలు పెట్టి సర్ఫ్ నీళ్ళు పోశాం. మూడు గిన్నెల్లో గిరగిరా తిరిగాయి. వెనక ఎడమ చన్ను గిన్నెలో మాత్రం కోడిగుడ్డు తెల్లసొనలాగా సాగింది, గిన్నె వంచినా జారలేదు. పిన్ని ఆ గిన్నె వంక చూస్తూ, "రెండు నెలల్నుంచి మనవడు పాలు ఉప్పగా ఉన్నాయి అంటుంటే వాడికే కొట్టాను" అంది. అంతే, నన్నేమీ అనలేదు. ఆసుపత్రిలో మందులు వేయించాం. ఆ పది రోజులూ పాలు పోయలేదు, నేనూ అడగలేదు. ఆ చన్ను ఇంకా కొంచెం తక్కువే ఇస్తోంది.

తిరిగి పోయడం మొదలుపెట్టాక నాతో మాట్లాడుతోంది కానీ ఒక షరతు పెట్టింది. నలుగురూ ఉన్నప్పుడే వస్తుంది, మిషన్ ఆగగానే "ఎంతొచ్చిందో గట్టిగా చదువు" అంటుంది. లైన్లో వాళ్ళు నవ్వుతారు. ఇవాళ 8.9 వచ్చింది. గట్టిగానే చదివాను.